విశ్రాంత సేనానులు - వైమానిక దళ పరిపాలనోద్యోగములు



వార్షిక మహాసభా సందర్భమున వెలువడు ఇట్టి సంచికలయందు పూర్వుల పౌరుషమును వర్ణించుట పరిపాటి. పల్నాటివారమగుటచే మనకు ఆ విషయమున కొఱత లేదు. కారెంపూడి రణరంగమును, నాగులేటి యొడ్డును, బ్రహ్మనాయని చాపకూటిని స్మరింపని యుపన్యాసము మన సభలలో అరుదు. ఐనను, కత్తి పట్టిన చేయి ఆ కత్తిని ఒఱలో నుంచిన పిమ్మట ఏమి చేసెనను ప్రశ్నమును మనము తఱచుగా వేసికొనము. ముప్పాళ్ళ మొదలు మాచర్ల వఱకు గల గ్రామములలో సైనికోద్యోగము చేసి పింఛనుతో ఇల్లు చేరినవారు కలరు. సిపాయిగా చేరినవాడు ఇల్లు చేరునప్పటికి తఱచుగా నలువది యేండ్లయినను నిండవు. అధికారిగా చేరి కర్నలు పదవితో విరమించువానికి 54 ఏండ్లు. ఆ వయస్సున మన రైతు కాడి దింపడు. మఱి వారు మాత్రము చేతులు ముడుచుకొని అరుగుమీద కూర్చుండవలసినదేనా?

ఈ వ్యాసమున మేము ఎత్తికొన్న విషయ మొక్కటియే. సైన్యమునుండి విరమించిన అధికారులను వైమానిక దళమునందలి పరిపాలనోద్యోగములలో నియమించుట ఎట్టిది, ఎంతవఱకు యుక్తము, దానికిని మనకును గల సంబంధ మేమి యనునదే ఆ విషయము. చూచుటకు ఇది ఢిల్లీ కచేరీలకు మాత్రమే చెందిన చిన్న సంగతివలె తోచును. కాని దీని వేళ్లు తెలుగుదేశ చరిత్రమున లోతుగా దిగియున్నవి. దీని ఫలము మన పిల్లల భవిష్యత్తును తాకుచున్నది. ఆ రెంటిని మేమెఱిగినంత వఱకు ఇచట విన్నవించుచున్నాము.

పల్నాటి యాచారము

యుద్ధము చేయువాడు వేఱు, రాజ్యము నడుపువాడు వేఱు అను విభాగము మన పూర్వులకు అంతగా తెలియదు. క్రీ. శ. 12వ శతాబ్దపు చివరి పాదమున జరిగినదని చెప్పబడు పల్నాటి యుద్ధమున మాచర్ల పక్షమునకు మంత్రియు దండనాయకుడును బ్రహ్మనాయడే. గురజాల పక్షమున నాయకురాలు నాగమ్మ మంత్రిణియై రాజ్యతంత్రము నడపుటయే గాక రణతంత్రమును గూడ నడపెను. బ్రహ్మనాయడు మాల కన్నమదాసును సేనాధిపత్యమునకు ఎత్తెనని వీరగాథ చెప్పుచున్నది. కొలువునకు పుట్టువు గాక నేర్పే ప్రమాణ మనుమాట ఇందుండి తెలియవచ్చుచున్నది. కులము పేర కూడిన మన సభలో ఈ మాటను జ్ఞాపకము చేసికొనుట అవశ్యమని మా యభిప్రాయము.

తరువాతి కాలమున పాలెగాండ్రును జమీందారులును కట్టుబడి మాన్యములను ఏర్పఱచిరి. కట్టుబడి బంటు యుద్ధకాలమున ఆయుధము పట్టెడివాడు. శాంతికాలమున పల్లెకు కావలి కాచెడివాడు, శిస్తు సొమ్మును కాపాడి ఠాణాకు చేర్చెడివాడు. అందుకై వానికి తక్కువ కట్టుబడిపై భూమి నిచ్చెడివారు. అనగా, ఆయుధము పట్టి నేర్చిన క్రమశిక్షణను శాంతికాలపు పరిపాలనకు వినియోగించుట మనకు క్రొత్త కాదు. క్రొత్తదైనది కచేరి మాత్రమే.

కుంఫిణీ కాలపు పాఠము

గుంటూరు సర్కారు 1788లోను, ఆర్కాటు నవాబు చేతిలోనుండిన పల్నాడు 1801లోను ఇంగ్లీషు కుంఫిణీవారి వశమయ్యెను. ఆ కాలమున తెలుగుదేశమున గొప్ప పరిపాలనోద్యోగములు చేసిన దొరలలో పలువురు సైనికాధికారులే యనుట చదువరులకు విదితము. బారామహలు సీమ 1792లో కుంఫిణీ పరమైనప్పుడు దానిని చక్కబెట్టుటకు కెప్టెన్ అలెగ్జాండర్ రీడును నియమించిరి. ఆయనకు తోడ్పడిన యువకులలో నొకడగు థామస్ మన్రో తరువాత దత్తమండలములకు ప్రధాన కలెక్టరై 1800 మొదలు 1807 వఱకు పనిచేసి, రైతువారీ పద్ధతికి బాటవేసెను. పల్లెపల్లె కైఫీయతులను వ్రాయించి మన చరిత్రమును మనకు మిగిల్చిన కాలిన్ మెకంజీ ఇంజనీరు దళపు సేనాని. ఆయనయే 1815లో భారతదేశ సర్వేయరు జనరలాయెను. ధవళేశ్వరపు ఆనకట్టను 1847 మొదలు 1852 వఱకు నిర్మించిన ఆర్థర్ కాటను మద్రాసు ఇంజనీర్లలోనివాడు.

వీరు విశ్రాంతి గైకొన్నవారు కారు. సైనిక పదవులలో నుండియే పౌరకార్యములు నిర్వహించినవారు. అయినను సైన్యమున నేర్చిన కొలత, లెక్క, వేళ, ఆజ్ఞాపాలనము పరిపాలనకు ఎంత యుపకరించునో వీరి చరిత్రలు చూపుచున్నవి. మన్రో రైతు పొలమును కొలిపించుటయు, మెకంజీ గుడి శాసనమును నకలు తీయించుటయు ఒకే శిక్షణయొక్క రెండు ఫలములు.

ఇక మనవారి సంగతి యేమి? ఆ కాలమున కుంఫిణీ పటాలములలో తెలుగువా రెందఱో కలరు. తెలంగా యను మాటకు ఉత్తర హిందూదేశమున సిపాయి యను నర్థమే కలిగెననిన వారి సంఖ్యయు ఖ్యాతియు ఊహింపవచ్చును. కాని వారిలో ఎంతటి శూరుడైనను సుబేదారు, సుబేదారు మేజరు పదవులను దాటిపోవుటకు వీలులేకుండెను. కమీషను దొరలది, కాల్బలము మనది. కాగా పటాలమునుండి పరిపాలనకు పోవు వంతెనపై దొర నడచెను, మన సుబేదారు ఏటి కీవలనే నిలిచి పోయెను. ఈ యొక్క సంగతిని చదువరులు మనస్సున నిలుపుకొనవలెనని మా ప్రార్థన. మేము తరువాత చెప్పబోవు దంతయు దీనిపై నాధారపడియున్నది.

తలుపు మూసిన సిద్ధాంతము

19వ శతాబ్దపు చివరి పాదమున మఱియొక యనర్థము సంభవించెను. 1881 మొదలు 1885 వఱకు మద్రాసు సేనకును, 1885 మొదలు 1893 వఱకు భారతసేనకును అధిపతియైన రాబర్ట్సు దొర కొన్ని జాతులే యుద్ధజాతులనియు, దక్షిణ దేశస్థులు అందు చేరరనియు నమ్మి ఆ చొప్పున నడచెను. ఏ తెలుగువారితో కుంఫిణీ తన రాజ్యమును సంపాదించెనో ఆ తెలుగువారిని సేనలో చేర్చుకొనుట క్రమముగా తగ్గి తుదకు నిలిచిపోయెను. తెలంగా యనగా సిపాయి యని పలికిన దేశముననే తెలుగువాడు యుద్ధమునకు పనికిరాడను తీర్పు వెలువడుట విధివిలాసము గాక మఱేమి?

రెండు ప్రపంచ యుద్ధములు ఆ తీర్పును కొంత సడలించినవి. యోధులను విరివిగా పంపిన తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము నేటికిని మిలిటరీ మాధవరముగా పిలువబడుచున్నది. మద్రాసు రెజిమెంటు 1941-42 సంవత్సరములలో మరల నెలకొల్పబడెను. కాని యొక తరము సేనకు దూరమైనచో ఆ లోటు ఒక్క యుద్ధముతో తీరదు. తండ్రి చూచిన కొలువును కొడుకు కోరును. తండ్రి యెఱుగని కొలువు కొడుకు కలలోనికైనను రాదు.

అధికార పదవుల విషయమున తలుపు ఇంకను ఆలస్యముగా తెఱవబడెను. భారతీయులకు రాజకమీషను ఇత్తుమని 1917లో ప్రకటించి, 1918 మొదలు శాండ్‌హర్స్టు పాఠశాలలో ఏటికి పది స్థానములు మాత్రమే కేటాయించిరి. 1925లో నియమింపబడిన స్కీను సంఘము ఆ సంఖ్యను పెంచవలెననియు, క్రాన్‌వెల్ వైమానిక కళాశాలలో గూడ భారతీయులకు ప్రవేశ మియ్యవలెననియు సూచించెను. డెహ్రాడూనునందలి సైనిక విద్యాలయమును, భారత వైమానిక దళమును 1932-వ సంవత్సరపు అక్టోబరు నెలలోనే పుట్టినవి.

ఆకాశసేనకు నేలపై కచేరి

వైమానిక దళము పుట్టుకతోనే భూసేనకు ఋణపడియున్నది. ఇంగ్లండున 1918 ఏప్రిలు 1న రాయల్ ఎయిర్ ఫోర్సు ఏర్పడినప్పుడు దాని యధికారులందఱును సేననుండియు నౌకాదళమునుండియు వచ్చినవారే. మఱుసటి యేడు ఆగస్టు వఱకు దానికి తనవైన పదవీ నామములును లేవు. కెప్టెన్, మేజరు, కర్నలు అను సేనాపదములనే వాడుకొనిరి. హైదరాబాదు నిజాము ఇచ్చిన ధనముతో ఆ యేడే యొక దళమునకు విమానములు సమకూర్చబడి, నేటికిని 110వ స్క్వాడ్రనునకు హైదరాబాదు పేరు చరిత్రలో నిలిచియున్నది.

భారత వైమానిక దళపు తొలి విభాగము 1933 ఏప్రిలు 1న కరాచీ చెంతనున్న డ్రిగ్ రోడ్డున ఏర్పడెను. నాలుగు వాపిటీ విమానములు, ఆఱుగురు శిక్షితాధికారులు, 19 మంది హవాయి సిపాయీలు, ఇంతియే దాని బలగము. దాని మొదటి పని భూసేనకు తోడ్పడుట. ఆ యాఱుగురిలో అయిదుగురు విమానము నడపువారు. ఆఱవవాడగు టాండనుకు కాళ్ల పొడవు చాలనందున విమానము నడపు పని తప్పి, సామగ్రి శాఖ లభించెను. ఆకాశమున ఎగురుట కేర్పడిన దళము తన తొలినాడే ఆఱింట నొక వంతు అధికారులను నేలపై నుంచవలసివచ్చెను. ఇందు విచిత్రమేమియు లేదు. ఒక విమానము పైకి లేచుటకు నూనె రావలెను, తూటా రావలెను, జీతము రావలెను, వంట కావలెను, కావలి యుండవలెను, తప్పుచేసినవానికి విచారణ జరుగవలెను. ఇవి యన్నియు కచేరి పనులు. ఆ యాఱుగురిలో తెలుగువాడు లేడని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ డ్రిగ్ రోడ్డుననే అంతకు కొన్ని యేండ్ల ముందు జరిగిన వింత యొకటి గలదు. అరబ్బుదేశపు యుద్ధమున లోకప్రసిద్ధి గాంచిన కర్నలు టి. ఇ. లారెన్సు సైన్యమును వీడి, తన పేరును మఱుగుపఱచి, వైమానిక దళమున సామాన్య సేవకునిగా చేరెను. 1927లో ఆయన డ్రిగ్ రోడ్డునందలి యంత్రముల మరమ్మతు శాలలో గుమాస్తాపని చేసెను. ఒకనాడు రాజులకు మంత్రాలోచన చెప్పినవాడు ఒకచో కూర్చుండి పద్దులు వ్రాసెను. ఇది అందఱకు చేయదగినదని మేమనము. విరమించిన సేనాని వైమానిక దళమున రెండవ కొలువునకు పోవునప్పుడు పూర్వపు హోదాను గుమ్మము వెలుపల విడువగలవాడైయుండవలెను అను నీతికి మాత్రము ఇంతకు మించిన యుదాహరణము లేదు.

రెండవ ప్రపంచ యుద్ధమున ఈ పద్ధతి వ్యక్తముగా నెగడెను. యువకులందఱును విమానములలో కూర్చుండవలసినందున, మొదటి యుద్ధమున సేనయందు పోరాడి వయస్సు మీఱిన పెద్దలు పలువురు ఇంగ్లండున మరల దుస్తులు ధరించి వైమానిక దళపు పరిపాలనా శాఖలో చేరిరి. వారు చేసిన పని వార్తలకు ఎక్కలేదు. వారు లేకున్నచో వార్తలకెక్కిన పనులు జరిగియుండవు. మన దేశమునను దళము శీఘ్రముగా పెరిగెను. 1942 ఏప్రిలు 6న విశాఖపట్టణము, కాకినాడలపై జపాను బాంబులు పడిన దినమున, ఆకాశరక్షణ మనునది మన తీరమునకు ఎంత యక్కఱయో తెలుగుదేశమునకు తెలిసివచ్చెను. యుద్ధాంతమునకు దళమున తొమ్మిది స్క్వాడ్రన్లును, సుమారు 28,500 మంది సిబ్బందియు, వారిలో ఇంచుమించు 1,600 మంది అధికారులును ఉండిరి. 19 మంది సిపాయీలతో మొదలైన గృహము పండ్రెండేండ్లలో మహానగరమైనది. మహానగరమునకు కరణములు కావలెను గదా.

నేటి స్థితి

స్వాతంత్ర్యానంతరము 1950లో వైమానిక దళ చట్టమును, 1952లో రిజర్వు మఱియు సహాయక వైమానిక దళముల చట్టమును వచ్చినవి. శిక్షణ పొందినవారిని దళము వీడిన తరువాతను అవసరము కలిగినప్పుడు పిలుచుకొనవచ్చునను సూత్రమును ఈ రెండవ చట్టము స్థిరపఱచినది. శిక్షణకై ప్రజాధనమును వెచ్చించిన పిమ్మట, దాని ఫలమును పూర్తిగా అనుభవింపక విడుచుట పంట కోసి కళ్ళములో వదలినట్లగును.

వైమానిక దళమున విమానచోదక శాఖ, సాంకేతిక శాఖ, నేలపై విధులు నిర్వర్తించు శాఖయును గలవు. ఈ చివరి దానియందు పరిపాలన, లెక్కలు, సామగ్రి, విద్య, వాతావరణము అను భాగములున్నవి. ఇందు పరిపాలనా భాగమును గూర్చి ఒక సంగతి తెలిసికొనవలెను. దానిలో రెండు తెఱగుల పనులు గలవు. సిబ్బంది పత్రములు, క్రమశిక్షణ, వసతిగృహములు, భోజనశాలలు, కావలి, పౌరోద్యోగుల వ్యవహారములు ఒక తెఱగు. విమానముల రాకపోకలను నియంత్రించుట, యుద్ధవిమానములకు నేలనుండి దారి చూపుట రెండవ తెఱగు. మొదటి తెఱగు పనులలో ముప్పది యేండ్లు పటాలము నడపిన కర్నలు మొదటి దినముననే ఒదుగును. రెండవదానియందు ఆయన శిష్యుడు మాత్రమే. కావున విశ్రాంత సేనానిని పరిపాలనోద్యోగమున నియమింతుమన్నప్పుడు, ఏ తెఱగు పని యని ముందుగా అడుగుట వివేకము.

అధికారుల కొఱత మన దళములలో యథార్థమైనది. 2023లో ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపిన లెక్కల చొప్పున భూసేనలో 8,129, నౌకాదళమున 1,653, వైమానిక దళమున 721 మంది అధికారుల లోటు గలదు. ప్రధాన కార్యాలయములలోని బల్లలయొద్ద విశ్రాంతాధికారులను మరల నియమించి, అచటి యువాధికారులను పటాలములకు పంపుదురని భూసేన ఆలోచన చేసినట్లు ఆ సంవత్సరముననే పత్రికలలో వచ్చినది. బల్లకు పెద్దవాడు, సరిహద్దునకు పిన్నవాడు అనుట ఇందలి తాత్పర్యము. వైమానిక దళమునకును ఈ న్యాయమే చెల్లునని మా తలంపు. ఒక పరిపాలనా బల్లయొద్ద విశ్రాంతుడు కూర్చుండిన, ఒక యువాధికారి విమానశాలకో నియంత్రణ గోపురమునకో పోగలడు.

విశ్రాంత సైనికులకు వేఱు దారులును గలవు. 1919లో భారత సైనికుల బోర్డుగా పుట్టిన సంస్థ నేడు కేంద్రీయ సైనిక బోర్డను పేర జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయముల పనిని గమనించుచున్నది. 1979 నాటి నిబంధనల చొప్పున కేంద్రప్రభుత్వపు గ్రూపు సి కొలువులలో నూటికి పది మాజీ సైనికులకు కేటాయింపబడినవి. వయఃపరిమితి లెక్కించునప్పుడు వారి సేవాకాలమును తీసివేసి, ఆపై మఱి మూడేండ్ల సడలింపును గూడ ఇత్తురు. 2003లో ఆరంభమైన మాజీ సైనికుల ఆరోగ్య పథకపు వైద్యశాలలను నడపుటకు విశ్రాంతాధికారులనే ఒప్పందముపై నియమించుచున్నారు. ఇవి తెలియక, పేరు నమోదు చేసికొనక, హక్కును కోలుపోవుట పల్లెలలో సులభము. హక్కు కాగితముమీద నుండును, కాని కాగితము మన యింటికి నడచి రాదు.

ఉన్నత పదవులలోను విశ్రాంత సేనానులు కనబడుచున్నారు. హైదరాబాదున పుట్టిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫు 1978 మొదలు 1981 వఱకు వైమానిక దళాధిపతిగా నుండి, పిమ్మట మహారాష్ట్ర గవర్నరుగను, ఫ్రాన్సునందు రాయబారిగను పనిచేసెను. తెలుగువాడగు జనరల్ కె. వి. కృష్ణారావు 1981 మొదలు 1983 వఱకు భూసేనాధిపతిగా నుండి, తరువాత నాగాలాండు, మణిపురము, త్రిపుర రాష్ట్రములకును, జమ్మూ కాశ్మీరమునకును గవర్నరుగా నుండెను. శిఖరము నెక్కినవా రిట్టివారు కొందఱే. మేము మాటలాడునది నడిమి మెట్లను గూర్చి.

ఆక్షేపణములు - సమాధానములు

ఈ నియామకములపై మూడు ఆక్షేపణములు గలవు. అవి తేలికైనవి కావు.

మొదటిది: పెద్దలు కుర్చీ వదలనిచో పిన్నలకు పదోన్నతి ఎట్లు? ఇది న్యాయమైన ప్రశ్నము. పునర్నియామకము మితకాలము గలదై, యువకుల పదోన్నతి స్థానములను ముట్టక, ఖాళీగా మిగిలిన స్థానములకే చెందవలెను. రెండేండ్లకు నియమించి పదేండ్లు పొడిగించుట సహాయము గాక ఆక్రమణ మగును.

రెండవది: పింఛనుతోపాటు జీతము గూడ పొందుట ప్రజాధనమును రెండు చేతుల తినుట గాదా? దీనికి ప్రభుత్వము ఒక మట్టు విధించినది. 55 ఏండ్లు నిండకమునుపే విరమించి కేంద్ర పౌరోద్యోగమున చేరిన కమీషండు అధికారికి పింఛనులో 15,000 రూపాయలు మాత్రమే లెక్కింపక విడిచి, తక్కినది క్రొత్త జీతమును నిర్ణయించునప్పుడు తగ్గింతురు. అధికార పదవికి దిగువన పనిచేసిన సైనికునికి పింఛను మొత్తమును విడిచిపెట్టుదురు. తక్కువ పింఛను గలవానికి ఎక్కువ దయ చూపు ఈ నియమమును మేము మెచ్చుకొనుచున్నాము.

మూడవది: భూసేన సంప్రదాయము వేఱు, వైమానిక దళ సంప్రదాయము వేఱు. భూసేనలో అధికారి సైనికులను ముందుండి నడపును. వైమానిక దళమున పోరునకు పోవువాడు తఱచుగా అధికారియే, సైనికులు నేలపై నుండి వాని విమానమును సిద్ధము చేయుదురు. ఆజ్ఞాపించు తీరు ఒక చోటనుండి మఱియొక చోటికి ఉన్నదున్నట్లు పోదు. యంత్రము నెఱిగిన పనివానితో పటాలమునందువలె గద్దించి మాటలాడినచో పని చెడును. ఈ ఆక్షేపణమునకు ఉత్తరము శిక్షణయే. విశ్రాంతుడు చేరిన తొలిదినములలో విద్యార్థి కావలెను. కాలేనివాడు చేరరాదు.

ఈ మూడు కట్టుబాట్లకు లోబడినచో విశ్రాంత సేనానుల నియామకము దేశమునకు లాభము, దళమునకు ఊఱట, ఆ వ్యక్తికి గౌరవము.

మనము చేయవలసినది

ఇప్పుడు మనస్సున నిలుపుకొనుడని మేము ముందు ప్రార్థించిన సంగతికి వత్తుము. విశ్రాంతాధికారికి మాత్రమే ఈ రెండవ కొలువు దొరకును. అధికారిగా విరమింపవలెనన్న అధికారిగా చేరియుండవలెను. నేడు పరిపాలనా బల్లయొద్ద ఏ ప్రాంతపు పెద్ద కూర్చుండునో, ముప్పది యేండ్లకు పూర్వము ఏ ప్రాంతపు పిల్లవాడు పరీక్ష వ్రాసెనో దానిపై నాధారపడియున్నది. నాడు తెలుగు సుబేదారు ఏటి కీవల నిలిచిపోయినది దొరల నిషేధమువలన. ఆ నిషేధము తొలగి తరములు గడచినవి. నేడును మనవాడు ఈవలనే నిలిచినచో, తప్పు రాబర్ట్సు దొరపై వేయుటకు వీలులేదు.

మన ప్రాంతము పూర్వపు మెట్టసీమ కాదు. నాగార్జునసాగరము నీరు 1967లో కుడికాలువకు వదలినది మొదలు ఈ సీమ యింటింట చదువు ప్రవేశించినది. ఇంజనీరింగు పట్టము లేని గ్రామము నేడు అరుదు. ఆ పట్టముతో విదేశమునకు పోవు దారి మన పిల్లలకు కంఠస్థము. దుండిగల్లునందలి వైమానిక దళ అకాడమీకి పోవు దారి మాత్రము తెలియదు. ఆ యకాడమీ మనకు దూరదేశమున లేదు, హైదరాబాదు చెంతనే యున్నది. బాపట్ల యొద్ద సూర్యలంకలో వైమానిక దళ కేంద్రము గలదు. కొరిశపాడు చెంత జాతీయ రహదారిపై అత్యవసరముగా విమానములు దిగుటకు ఏర్పఱచిన బాటయందు 2022 డిసెంబరు 29న దళమువారు తొలి పరీక్ష జరిపిరి. విమానము మన యూరి రోడ్డువఱకు వచ్చినది. మన పిల్లలు ఆ విమానమువఱకు పోవలెను.

కావున మహాసభవారికి మా విన్నపము లివి. ఒకటి: మన గ్రామములలో సైనిక, నౌకా, వైమానిక దళములనుండి విరమించినవారి పట్టికను ఊరూర తయారుచేయవలెను. అందు సిపాయి, సుబేదారు, కర్నలు అను భేదము లేక అందఱును చేరవలెను. రెండు: వారిలో శక్తిగలవారిచేత సెలవుదినములలో బాలబాలికలకు జాతీయ రక్షణ అకాడమీ, సంయుక్త రక్షణ సేవల పరీక్ష, వైమానిక దళ ప్రవేశ పరీక్ష, కోరుకొండ, కలికిరి సైనిక పాఠశాలలు అనువానిని గూర్చి బోధింపజేయవలెను. బాలికలనుటకు కారణము గలదు. 2022 నుండి జాతీయ రక్షణ అకాడమీ తలుపులు వారికిని తెఱవబడినవి. నాయకురాలిని గన్న సీమలో ఇది వేఱుగ బోధింప నక్కఱలేదు. మూడు: విరమించి వచ్చిన ప్రతి సైనికుని పేరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున నమోదగునట్లును, సైనిక వితంతువుల పింఛను కాగితములు నిలిచిపోకుండునట్లును చూచుటకు చదువుకొన్న యువకులను నియమింపవలెను. నాలుగు: ఈ సహాయము కోరి వచ్చినవాని కుల మడుగరాదు. చాపకూటి సీమలో వడ్డించువాడు పంక్తిని చూచి వడ్డింపరాదు.

ఈ పనులకు పెద్ద ధనము అక్కఱలేదు. ఒక గది, ఒక బల్ల, ఒక పుస్తకము, వారమున కొకనాడు వచ్చి కూర్చుండు విశ్రాంతుడొకడు చాలును. పోషకులు విద్యార్థివేతనములకు ఇచ్చుచున్న ధనమున కొంతభాగము ఈ పరీక్షలకు పోవు పిల్లల ప్రయాణములకును పుస్తకములకును కేటాయించిన, ఆ ధనము వ్యర్థము కాదు. నాటిన చెట్టు కాయుటకు ముప్పది యేండ్లు పట్టును. అందువలననే నేడే నాటవలెనని మా మనవి.

ముప్పాళ్ళయందుగాని మఱియే గ్రామమునందుగాని నేడు పదవ తరగతి చదువుచున్న పిల్ల ముప్పది యేండ్లు వైమానిక దళమున సేవచేసి, విరమించి, మరల ఆ దళపు పరిపాలనా బల్లయొద్ద గౌరవముతో కూర్చుండు దినమును మనలో పెద్దలము చూడకపోవచ్చును. చూడలేని ఫలమునకై నీరుపోయుటయే పెద్దఱికము. ఈ పని చేయుటకు మహాసభవారు పూనుకొందురు గాక.